ఒక్కరే ఆడే ఆట

పిట్ట గుమ్మంలో అడుగు పెట్టగానే గదిలోని కళ్లన్నీ ఒక్కసారి తన వైపు తిరిగినట్టనిపించింది. నల్లవి, గోధుమరంగువి, తేనెరంగువి, వయసు మీద పడి అంచుల్లో కాస్త మసకేసినవి. దూది పరిచిన అరల్లో వరసగా పడుకోబెట్టిన ఆ కళ్లలో ఒక్కటీ చూడలేదు. అయినా తెరల్లోంచి వడకట్టుకుని వస్తున్న పొద్దుటి వెలుగులో అవన్నీ ఇప్పుడే నిద్ర లేచినట్టు తడితడిగా మెరుస్తున్నాయి.

ఈ ఇంటావిడ కన్ను పోగొట్టుకున్నవాళ్లకి పెట్టుడు కన్ను చేసి ఇస్తుంది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మిగిలిన కంట్లోకి చూస్తూ, రెండోదానికి సన్నటి కుంచెతో రంగులేస్తుంది. వీధిలో అందరూ ఆమెని కళ్లమ్మ అంటారు. తప్పిపోయినవాళ్లని వెతికిపెట్టడం పిట్ట పని. మనిషి పొట్టిగా బక్కగా ఉంటుందని చిన్నప్పుడెవరో పెట్టిన పేరది. ఇప్పుడు ఆఫీసు తలుపు మీద బోర్డులో కూడా అదే ఉంది.

"ఆ కుర్చీ వద్దు పిట్టగారూ, దాని మీద రంగు ఒలికింది. ఇటు రండి," అంది కళ్లమ్మ. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. నిద్రలేని ముఖం.

"ఫోన్లో మీరు చెప్పింది నాకు సగమే అర్థమైంది. మొదట్నుంచీ చెప్పండి."

"నా చెల్లెలు చిన్ని. దాని మొగుడు చెయ్యి చేసుకునేవాడు. మొదట్లో మాకెవరికీ చెప్పలేదు. ఒకసారి చెవిలోంచి రక్తం కారుతూ ఈ గదికే వచ్చింది. ఆ రోజే నిర్ణయించుకున్నాం. పాపని తీసుకుని ఇల్లు వదిలేసింది. వేరే ఊళ్లో, వేరే పేరుతో, నేనే ఒక ఇల్లు చూసిపెట్టాను. నీలం తలుపు ఇల్లు. ఫోను వద్దు, ఉత్తరం వద్దు, నువ్వెక్కడున్నావో నాకూ నీకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు అని దానిచేత ఒట్టు వేయించుకున్నాను."

"నిన్న?"

"నిన్న పొద్దున వాడు ఆ నీలం తలుపు ముందు నిలబడ్డాడు. ఇంటి ఓనరమ్మ ఏదో అడ్డం చెప్తుంటే ఇది పాపని చంకనేసుకుని పెరటి దారిన వెళ్లిపోయింది. ఓనరమ్మ నాకు ఫోన్ చేసింది. అంతే. అప్పట్నుంచీ దాని ఆచూకీ లేదు."

"ఆ ఓనరమ్మే మీ మరిదికి చెప్పి ఉండొచ్చుగా?"

"ఆవిడకి వీళ్ల అసలు పేర్లే తెలియవండీ."

"పోనీ మీరు? ఎవరి చెవినైనా వేశారా?"

"ఎవరికీ చెప్పలేదు."

జవాబు మరీ తొందరగా వచ్చింది. చెబుతున్నప్పుడు కళ్లమ్మ చూపు గది మూలకి వెళ్లి, చురుక్కుమన్నట్టు వెనక్కి వచ్చేసింది. ఆ మూల బల్ల మీద గుడ్డ కప్పిన కంప్యూటర్ ఉంది. పిట్ట లేచి వెళ్లి గుడ్డ తీసి మడతపెట్టింది.

కళ్లమ్మ ముఖం ఎర్రబడింది. "నవ్వకండి. నాకు నిద్ర పట్టదు. ఎవరో ఒక ఆట పంపారు. నా దగ్గర కళ్లు పెట్టించుకున్నవాళ్లు పుస్తకాలూ పూలూ పంపుతూనే ఉంటారు, అలాంటిదే అనుకున్నా. పేరు లేదు. 'నిద్ర పట్టనప్పుడు ఆడుకో' అని మాత్రం రాసి ఉంది. అందులో ఒక తాత ఉంటాడు. ఆయనతో చెప్పాను."

"ఏం చెప్పారు?"

"అన్నీ. చిన్ని సంగతి, పాప సంగతి. ఆ వీధి, ఆ నీలం తలుపు. అది సరిగ్గా తింటోందో లేదో, చలికి తలుపులు వేసుకుంటోందో లేదో అని. మనసులో ఉన్నది బయటికి అనకపోతే పిచ్చెక్కేలా ఉండేదండీ. అయినా ఆయన మనిషి కాదు కదా! నేనేం తెలివితక్కువదాన్ని కాదు. ఆడేముందు ఆ ఆట అమ్మే అంగడి పేజీ రెండుసార్లు చదివాను. చూడండి."

పేజీ తెరిచింది. పొగమంచు కమ్మిన సముద్రం బొమ్మ కింద అందమైన అక్షరాల్లో ఉంది:

'దూరపు దీపం. ఒక్కరే ఆడే ఆట. తొందర లేదు, గెలుపోటములు లేవు. మంచులో ఒక పడవ, ఒక లైట్‌హౌస్, దాన్ని కాసే తాత. మీ మనసులో మాట చెప్పండి. ఆయన వింటాడు.'

"జవాబులు కూడా చెప్తాడా?" అడిగింది పిట్ట.

"చాలా తక్కువ. 'ఊఁ' అంటాడు. 'నిద్రపో తల్లీ' అంటాడు. ఒకరోజు తుమ్మాడు కూడా! ఎంత శ్రద్ధగా చేశారో ఈ ఆట అనుకున్నాను."

పిట్ట తెర వైపు తిరిగింది. జోల పాడమని యంత్రానికి ఎవరైనా నేర్పుతారు గానీ, తుమ్మమని ఎవరు నేర్పుతారు?

ఆట తెరిపించింది. గదిలో వెలుగు తగ్గినట్టయింది. నీళ్ల చప్పుడు లేకుండా పడవ దానంతటదే సాగుతోంది. మంచు విడిపోతూ, మళ్లీ అల్లుకుంటూ, ఎప్పుడో పసితనంలో జ్వరంలో చూసిన చోటులా ఉంది. దూరంగా లైట్‌హౌస్ నల్లగా నిలబడి ఉంది. దీపం లేదు. 'తాత నిద్రపోతున్నాడు' అని మంచు మీద అక్షరాలు తేలి కరిగిపోయాయి.

"నిన్నటి నుంచీ ఇంతే," అంది కళ్లమ్మ. "అంతకుముందు నేనెప్పుడొచ్చినా దీపం వెలుగుతూనే ఉండేది."

నిన్నటి నుంచీ. అంటే మరిది నీలం తలుపు దగ్గరికి వెళ్లిన రోజు నుంచీ. వినాల్సింది వినేశాడు కాబట్టి ఇక తాతతో పని లేదు. ఆ ఆట పంపింది వాడే. పిట్టకి ఆ క్షణంలో అది గోడ మీద రాసినంత స్పష్టంగా కనిపించింది.

*

ఆ ఆటల అంగడికి తలుపుల్లేవు, అరల్లేవు. ఉన్నదల్లా ఒక మేడ మీద నీలిరంగు గాజు గదులు, వాటిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని మెల్లగా తలలూపుతున్న మనుషులు. అద్దాల తొట్టెలో చేపల్లా ఉన్నారు. ఆటల పేజీల్లో వర్ణనలు రాసే మనిషి చివరి గదిలో ఉన్నాడు. తోటివాళ్లు కవిగారు అని ఆటపట్టిస్తారట. ఆయన మాత్రం దాన్ని బిరుదులా మోస్తున్నాడు.

"'దూరపు దీపం' పేజీ మీరే రాశారా?"

"నేనే. బాగుంది కదూ?"

"అందులో తాత మనిషా, బొమ్మా?"

కవిగారు నీళ్లు నమిలాడు. "అంటే... కొనుక్కున్నవాళ్లకి బొమ్మే."

"కొనుక్కోనివాళ్లకి?"

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని పేజీ తెరిచాడు. కింద ఎక్కడో, బొమ్మలన్నీ దాటాక, 'మరిన్ని వివరాలు' అని బూడిదరంగులో ఉంది. నొక్కితే మడత విప్పుకుని ఇంకొన్ని వాక్యాలు బయటపడ్డాయి. 'ఈ ఆటను ఎవరికైనా కానుకగా ఇస్తే, ఇచ్చినవారు తాతగా మారి వారి మాటలు వినవచ్చు, బదులు చెప్పవచ్చు. ఎవరు మాట్లాడినా తాత గొంతులోనే వినిపిస్తుంది.'

పిట్ట ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదివింది. "మరి పైన ఒక్కరే ఆడే ఆట అని ఎందుకు రాశారు?"

"కొనుక్కుంటే ఒక్కరే కదండీ. కానుకగా వస్తేనే ఇద్దరు. రెండూ నిజమే."

"రెండు నిజాలు కలిపి ఇంత చక్కటి అబద్ధం ఎలా రాశారు కవిగారూ?"

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "ఆట చేసినవాళ్లు పెద్ద వ్యాసం పంపుతారు. పేజీలో పైన పట్టేది నాలుగు ముక్కలు. మిగతాది కింద మడిచిపెడతాం. ఇది వాళ్లు కూడా అడిగారు, తాత నిజం మనిషని ముందే చెప్పొద్దు, తెలిసిన రోజు ఆశ్చర్యపోవాలి అని. అది కలలాంటి ఆటండీ. కలకి ముందుమాట రాస్తే ఇంకేం మజా ఉంటుంది?"

"మడత ఎవరైనా విప్పి చూస్తారా?"

"మందు సీసాలో కాగితం ఎవరు చదువుతారు చెప్పండి?"

"మందు వికటించినవాళ్లు చదువుతారు. ఒక ఆడమనిషి ఆ పై నాలుగు ముక్కలు నమ్మి, ప్రాణం పోయినా చెప్పకూడని మాట చెప్పేసింది. ఇప్పుడు ఆవిడ చెల్లెలూ, చంటిపిల్లా కనబడటం లేదు."

కవిగారు గబుక్కున తలెత్తాడు. ఆ కళ్లలో గర్వం పోయి భయం వచ్చింది. అంతలో వెనక నుంచి చప్పట్లు వినిపించాయి, మెత్తగా, తీరిగ్గా.

"ఏం పిట్టా, ఆటల్లో పడ్డావా?"

చూడకుండానే పిట్టకి తెలిసిపోయింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. మనిషి ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కాలో ఉంటాడు. మాట అంతకంటే నున్నగా ఉంటుంది. వాడుక పేరు సిల్కు. ఇప్పుడు వేరే ఏజెన్సీ పెట్టి, పిట్ట వదులుకున్న కేసులన్నీ పట్టుకుంటున్నాడు.

"కళ్లమ్మ ఇంటి నుంచీ నా వెనకాలే ఉన్నావా?"

"పని అలాంటిది. ఆవిడ మరిది నా క్లయింటు. కూతుర్ని చూసి ఏడాది కావస్తోంది పాపం. నా ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు."

"కొట్టేవాళ్లకి కన్నీళ్లు రావని ఎవరన్నారు?"

"కొట్టాడని ఎవరన్నారు? వాళ్లక్క అంది, నువ్వు నమ్మావు. నువ్వెప్పుడూ ఇంతే పిట్టా, ముందు ఏడ్చినవాళ్ల పక్షం."

"మరి నువ్వో? నీ దగ్గర ముందు ఏడ్చింది ఆయనేగా!"

సిల్కు నవ్వు సగంలో ఆగింది. పిట్ట ఆ సందు వదల్లేదు. "ఒక్కటి చెప్పు. నీలం తలుపు ఇల్లు నువ్వు కనిపెట్టావా?"

"అది వృత్తి రహస్యం."

"కనిపెట్టి ఉంటే ఈపాటికి డప్పు కొట్టుకునేవాడివి. నువ్వు కాదు."

సిల్కు చొక్కా చేతి మడత సర్దుకుంటూ, "అతనే తెచ్చాడు అడ్రసు. ఎవరో చెప్పారన్నాడు. నేను వెళ్లి నిజమో కాదో చూసి వచ్చానంతే," అన్నాడు.

"ఎవరో అంటే?"

"అడగలేదు."

"నాకు తెలుసు. వదినగారికి ఆట పంపి, తాత వేషం కట్టి, ఆవిడ నోటి నుంచే విన్నాడు."

"అతనికి ఆటలంటే ఏంటో తెలీదు. ఫోన్లో ఫొటో పంపడానికే నా సాయం అడిగాడు."

పిట్ట కవిగారి వైపు తిరిగింది. "ఆ కానుక కొన్నదెవరో కావాలి."

"అలా చెప్పకూడదండీ, పైవాళ్లని అడగాలి." ఒక్క క్షణం తన పేజీనే చూస్తూ ఉండిపోయాడు. "అడుగుతాను. మీ నంబరు ఇవ్వండి."

మెట్లు దిగుతుంటే సిల్కు వెనకే వచ్చాడు. "నేనూ వస్తాను. ఆ తాత నా క్లయింటు కాదని నీ కళ్ల ముందే తేలుస్తాను."

"రా. కాకపోతే నీ అదృష్టం, అయితే నీ ఖర్మ."

*

కళ్లమ్మ సిల్కుని గుమ్మంలోనే ఆపింది. "మీరు వాడి మనిషా?"

"పని వరకేనండీ."

"అయితే గుమ్మం వరకే ఉండండి."

అతను తలుపు చట్రానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎదురుగా అరల్లోంచి కళ్లన్నీ తననే చూస్తుంటే ఎటు చూడాలో తెలియక పైకప్పు చూశాడు.

పిట్ట ఆట తెరిచింది. మంచు, పడవ, చప్పుడు లేని నీళ్లు. దూరంగా లైట్‌హౌస్ మీద పసుప్పచ్చటి దీపం మెల్లగా తిరుగుతోంది. తాత మేలుకున్నాడు.

పిట్ట కళ్లమ్మ చెవిలో గుసగుసగా చెప్పింది. "రోజూ మాట్లాడినట్టే మాట్లాడండి. చెల్లెలు ఫలానావాళ్లింట్లో భద్రంగా ఉందని చెప్పండి. మీకు అసలు లేని చుట్టాన్ని ఎవర్నైనా చెప్పండి. వాడు పాపని వెతుకుతుంటే తప్పకుండా ఆ ఇల్లెక్కడని అడుగుతాడు."

కళ్లమ్మ కుర్చీలో కూర్చుంది.

"తాతా, నేనొచ్చాను."

"ఊఁ," అంది ముసలి గొంతు. ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టుంది, వెచ్చగా, అలసటగా.

"నా మనసు కుదుటపడింది తాతా. చిన్ని దొరికింది. మా పిన్నిగారింట్లో ఉంది. పాప కూడా బాగుంది."

దీపం ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. మంచు పడవ మీదికి వంగి వింటున్నట్టుంది. గుమ్మంలో సిల్కు కూడా కదలడం మానేశాడు.

"మనకి పిన్ని ఎక్కడుందక్కా?" అంది ముసలి గొంతు.

కళ్లమ్మ బల్ల అంచు పట్టుకుని తెర దగ్గరికి వంగింది, ఆ మంచు లోపలికి తల పెట్టి చూడబోతున్నట్టు.

"చిన్నీ?"

"ఊఁ."

"నువ్వా? ఇన్నాళ్లూ నువ్వేనా?"

"అదేంటక్కా! నీకు తెలీదా?" తాత గొంతు చంటిపిల్లలా వణికింది. "ఫోను వద్దన్నావుగా. ఉత్తరం వద్దన్నావు. నీ గొంతు వినకుండా ఉండలేక ఈ ఆట పంపాను. కానుక అని నొక్కగానే, నువ్వే తాతవి అవుతావని నాకు పెద్ద పెద్ద అక్షరాల్లో కనబడింది. నీకూ కనబడి ఉంటుందనుకున్నా. నా ముందు కూర్చుని నా గురించే ఎవరితోనో చెప్తున్నట్టు చెప్తుంటే, ఎవరైనా వింటారని జాగ్రత్తగా నాటకమాడుతున్నావనుకున్నాను. నేనూ నీతో పాటే ఆడాను."

"అయితే ఆ తుమ్ము..."

"జలుబు చేసిందక్కా."

కళ్లమ్మ నవ్వింది, ఆ నవ్వులోనే భళ్లున ఏడుపొచ్చేసింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత దూరం నుంచి, ఒక ముసలివాడి గొంతు తొడుక్కుని, చెల్లెలు రోజూ అక్కని నిద్రపుచ్చింది. అక్క ఆ చెల్లెలి కోసమే నిద్రపోకుండా కూర్చుంది.

సిల్కు గొంతు సవరించుకున్నాడు. "చూశావా పిట్టా? నా క్లయింటు కాదు."

పిట్ట వినలేదు. తాత చిన్ని అయితే, తాతతో చెప్పిన మాట మరిది చెవికి ఎలా చేరింది? పొద్దున గోడ మీద రాసినట్టు కనబడిందంతా చెరిగిపోయింది. అడ్రసు వాడికి తెలిసిందన్నది మాత్రం అలాగే ఉంది.

"ఎక్కడున్నావే?" అంటోంది కళ్లమ్మ. "నిన్నటి నుంచీ చచ్చి బతుకుతున్నాను."

"ఈ ఊళ్లోనే అక్కా. పొద్దున్నే బండి దిగాను. నీ ఇంటి ముందు ఎవడో కాపలా ఉంటే భయమేసి వెనక్కి వచ్చేశాను. స్టేషన్లో..."

పిట్ట ఫోన్ మోగింది. కవిగారు. గొంతులో కవిత్వం లేదు.

"ఆ కానుక కొన్న ఖాతా ఒక మగమనిషి పేరు మీద ఉందండీ. ఇంటి ఖాతా. భార్యాభర్తలకి కలిపి ఒకటే. ఆవిడ ఇల్లు వదిలినప్పుడు ట్యాబ్ తెచ్చుకున్నట్టుంది గానీ ఖాతా మార్చుకోలేదు."

"దానివల్ల ఏమవుతుంది?"

"ఆ ఖాతా ఎన్ని ఫోన్లలో ఉంటే అన్ని ఫోన్లలోనూ తాత ఉంటాడు. అన్నిట్లోనూ వినబడుతుంది. ఆ సంగతి పైనా లేదు, మడత కిందా లేదు. నాకూ ఇప్పుడే తెలిసింది. క్షమించండి..."

"లోపల ఎంతమంది ఉన్నారో తెలుస్తుందా? త్వరగా చెప్పండి!"

"లైట్‌హౌస్ కిటికీలు చూడండి. మనిషికో కిటికీ వెలుగుతుంది."

పిట్ట తెర మీదికి వంగింది. మంచు వెనక, పైన ఒక కిటికీ పసుప్పచ్చగా వెలుగుతోంది. దాని కింద, చీకట్లో కలిసిపోయి, ఇంకో కిటికీ.

"...ఆడవాళ్ల వెయిటింగ్ రూములో ఉన్నాను. పాప నా ఒళ్లో నిద్రపోయింది. నువ్వు వచ్చెయ్ అక్కా."

"చిన్నీ, ఇంకేం మాట్లాడకు!" అరిచింది పిట్ట.

దీపం తిరుగుతూనే ఉంది. అదే ముసలి గొంతు, అంతే వెచ్చగా, అంతే నెమ్మదిగా పలికింది.

"మాట్లాడనివ్వండి వదినగారూ. మీ అక్కాచెల్లెళ్ల కబుర్లు వినడం నాకు అలవాటైపోయింది."

కళ్లమ్మ కుర్చీ వెనక్కి పడింది. అరలోంచి ఒక కన్ను జారి నేల మీద దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. "చిన్నీ, పరిగెత్తు! పాపని తీసుకుని జనంలోకి పరిగెత్తు!" అని ఆమె మంచులోకి కేకలు వేస్తుంటే, తెర మీద కింది కిటికీ ఆరిపోయింది. మరుక్షణం పై కిటికీ కూడా ఆరిపోయింది. పడవ మాత్రం తొందర లేకుండా సాగుతోంది.

పిట్ట ఒక చేత్తో కళ్లమ్మని పట్టుకుని, రెండో చేత్తో పోలీసుల నంబరు నొక్కుతూ తలుపు వైపు దూకింది. సిల్కు దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చేతిలో కారు తాళాలున్నాయి.

"తప్పుకో సిల్కూ!"

"కారు కిందే ఉంది, పద," అన్నాడతను. ఆ నున్నటి గొంతు మొదటిసారి పగిలిపోయింది. "ఊరికి వెళ్లిపోతానని దండం పెట్టి మరీ చెప్పాడు పిట్టా. పొద్దున నీ వెనకాల పడేముందు అతన్ని ఆ స్టేషన్లో దింపి వచ్చింది నేనే."